ఐదో తీగ ఎందుకండీ?

కాల్గరీలో మన పండగలకు బేస్ గిటార్ వాయించేవాళ్ళకు ఒక మాట. పాట గజిబిజిగా వినిపిస్తే వెంటనే ఐదు తీగల గిటార్ కొనకండి! నాలుగు తీగల్లో లావుది 41 హెర్ట్జ్ పలుకుతుంది, ఐదోది 31. హాల్లో చిన్న స్పీకర్లు అంత మంద్రం పలకలేవు. (మంద్రం అంటే కింది స్థాయి. నాకిష్టమైన మాట.)

జేమ్స్ జేమర్సన్ మోటౌన్ పాటలకు నాలుగు తీగల ఫెండర్ ప్రెసిషన్ చాలనుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడాడు. ఇళయరాజా పాటల్లో బేస్ పక్కన ఇంకో పాటలా నడుస్తుంది, అయినా గొంతుకు అడ్డు రాదు.

వాయించని తీగల మీద వేళ్ళు ఆనించండి, మోగనివ్వకండి. స్వరం ఎక్కడ ఆపాలో నేర్చుకోండి. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే హ్యుమిడిఫయర్ కొనండి. ఇక్కడి చలికాలం పొడిగాలికి గిటార్ మెడ కదులుతుంది.

పాడేవాళ్ళ మాటలు వినపడాలి కదా? నాలాంటివాళ్ళం తెలుగు నేర్చుకునేది ఆ మాటల్లోనే.