స్మరణ వేరు, స్తుతి వేరు

పెద్దలను తలచుకోవడం మన ఇళ్లలో కొత్త విషయం కాదు. ఒక ఇంట ఏటేటా తద్దినం పెడతారు. మరొక ఇంట ఫాతిహా చదివిస్తారు. తాత పేరు మనుమనికి పెట్టుకోవడం రెండు ఇళ్లలోనూ ఉన్న ఆచారమే. అయినప్పటికీ, ఒక విధమైన పెద్దలను మాత్రం పేరెత్తి తలచుకోవడం మన కుటుంబాలు చాలావరకు మానివేశాయి. వారు గత ప్రపంచ యుద్ధాలలో సిపాయిలుగా పనిచేసినవారు. వారిని గురించి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయడానికి కారణం, మా ఇంటిలో జరిగినదే నా విద్యార్థుల ఇళ్లలోనూ జరిగినదని ఆలస్యంగా తెలిసిరావడమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారతదేశం నుండి సుమారు 13 లక్షల మంది సేవచేశారు. వారిలో 74,000 మందికి పైగా మరణించారు. రెండవ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరినది. మృతులు సుమారు 87,000 మంది. వీరిలో మన తెలుగు జిల్లాలవారూ ఉన్నారు, నిజాం సంస్థానపు వారూ ఉన్నారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం గ్రామాన్ని నేటికీ ‘మిలటరీ మాధవరం’ అంటారు. అక్కడ సైన్యంలో చేరడం ఇంటింటి గౌరవం. తెలంగాణలో అట్లా కాదు. ఇక్కడ అదే సేవ ఇంటింటి మౌనమైనది. ఎందుకయినదో చెప్పాలంటే మా దాదాను గురించి చెప్పక తప్పదు.

మా దాదా నిజాం సంస్థాన సైన్యంలో మొదటి హైదరాబాదు పదాతి దళంలో సిపాయి. ఆ దళాన్ని మలయాకు పంపి, కోటాబారు అనేచోట విమానాశ్రయానికి కాపలా ఉంచారు. 1941 డిసెంబరు 8న, పెరల్ హార్బరుపై బాంబులు పడడానికి గంటకు పైగా ముందే, జపాను సైన్యం ఆ తీరాన దిగినది. సాయంత్రానికి విమానాశ్రయం వదలివేయవలసివచ్చినది. ఆ గందరగోళంలో మావాళ్ల దళం చెదరిపోయినది. దాని సేనాధిపతి మరణించాడు. యుద్ధ చరిత్రలు వ్రాసినవారు ఈ దళాన్ని మెచ్చుకోలేదు, తప్పుపట్టారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోగా, సుమారు 40,000 మంది భారతీయ సైనికులతోపాటు మా దాదా కూడా యుద్ధఖైదీ అయినాడు. 1946లో ఇంటికి చేరాడు.

ఇందులో వీరగాథ ఏమీ లేదు. చెప్పుకోదగిన కథ లేదు గనుకనే ఆయన చెప్పలేదని చిన్నతనంలో అనుకునేవాడిని. చెప్పకపోవడానికి వేరొక కారణం ఉన్నదని దాదీ చెప్పగా తెలిసినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. సంస్థాన సైన్యం లొంగిపోయి, తరువాత రద్దయినది. రజాకార్ల దౌర్జన్యాలు చూసినవారి కళ్లకు ఆ దినాలలో యూనిఫారాలన్నీ ఒకటే. మావంటి కుటుంబాలకు ఇంటిలో పాత సైన్యపు కాగితం దొరకడమే భయహేతువు. ఒక రాత్రి దాదా తన కోటు గుండీలు ఒక్కొక్కటే కోసి, పెరటి బావిలో పడవేశాడట. కోటును దాదీ విప్పి కుట్టి, మా నాన్నకు లాగు చేసినది. మలయాలో పోరాడిన మనిషికి 1948తో సంబంధం లేదని చెప్పడానికి అప్పుడు వ్యవధి లేదు, వినేవారూ లేరు. ఆ బావిలో పడినవి గుండీలు మాత్రమే కావు. మా ఇంటి చరిత్రలో ఏడేళ్లు వాటితో పాటే మునిగిపోయాయి.

అందరి ఇళ్లలోనూ కారణం ఇదే అని నేను అనను. కొందరు తెల్లదొరల కొలువు చేసినందుకు సిగ్గుపడి దాచారు. కొందరు బీదరికంతో సైన్యంలో చేరామని ఒప్పుకోలేక దాచారు. చాలా ఇళ్లలో వినేవారు అడగలేదు, అంతే. కారణమేదైనా ఫలితం ఒక్కటే: మనిషి పోయినాడు, పేరు పోయినది.

పేరు పోవడం చిన్న విషయమని ఎవరైనా అంటే, బస్రా స్మారకాన్ని చూడమంటాను. మొదటి యుద్ధంలో మెసపొటేమియా రంగాన మరణించి, సమాధి దొరకని 40,000 మందికి పైగా సైనికుల కోసం 1929లో దానిని ఆవిష్కరించారు. బ్రిటిష్ సైనికుల పేర్లు ఆ రాతిపై చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయిలను దళంవారీగా లెక్కపెట్టి అంకె మాత్రం వేశారు. హోదా, జాతి, మతం అనే భేదం లేకుండా మృతులందరినీ సమానంగా గౌరవిస్తామన్నది ఆ స్మారకం కట్టిన సంస్థ పెట్టుకున్న నియమమే! దాని వారసురాలైన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఒక నివేదిక వెలువరించి, 45,000 నుండి 54,000 మంది మృతుల విషయంలో సమానత్వం పాటించలేదనీ, కనీసం 1,16,000 మందిని పేరు పెట్టి స్మరించలేదనీ, కొందరిని అసలే స్మరించలేదనీ ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. సామ్రాజ్యం మనవారిని అంకె చేసినదని మనం కోపగించుకోవడం న్యాయమే. మరి మనం ఏమి చేశాము? సామ్రాజ్యం అంకెనైనా మిగిల్చినది. మనం అదీ మిగల్చలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పరాయి ప్రభుత్వం కోసం, నవాబు ఆజ్ఞకు లోబడి పోరాడినవారిని స్మరించడమెందుకు? ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారిని స్మరిస్తే చాలదా? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆ ఫౌజు మన గౌరవానికి పాత్రమైనదే. మన హైదరాబాదువాడైన ఆబిద్ హసన్ సఫ్రానీ 1943లో నేతాజీతో కలిసి జర్మనీ నుండి జలాంతర్గామిలో ప్రయాణం చేసినవాడు. ‘జై హింద్’ నినాదాన్ని రూపొందించినవాడుగా ప్రసిద్ధుడు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం మన లోపమే.

కాని సింగపూరు శిబిరాలలో ఉన్న ఖైదీలందరూ ఒకే త్రోవ పట్టలేదు. కొందరు ఫౌజులో చేరారు, కొందరు చేరలేదు. చేరనివారు ఆకలికి, రోగాలకు, వెట్టిచాకిరీకి గురి అయినారు. 1943లో న్యూగినీకి పంపబడిన సుమారు 3,000 మంది భారతీయ ఖైదీలలో బ్రతికి బయటపడినవారు బహుకొద్దిమంది. మా ఊరి నుండి ఇద్దరు వెళ్లారు. మా దాదా ఫౌజులో చేరలేదు. ఆయన స్నేహితుడు చేరాడు. 1972లో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం ప్రారంభించిన తరువాత స్నేహితునికి పింఛను వచ్చినది. నేను బడికిపోయే రోజులలో ఒక ఆగస్టు 15న పంచాయతీ కార్యాలయం ముందు ఆయనకు శాలువ కప్పారు. మా దాదా వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. సభ ముగిసిన పిమ్మట స్నేహితుడు దిగివచ్చి, దాదా ప్రక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు బీడీలు కాల్చుకుంటూ ఉండిపోయారు. వారిలో ఎవరు ఒప్పో, ఎవరు తప్పో నిర్ణయించే అర్హత, శిబిరంలో ఒక్క రాత్రి గడపని నాకు లేదు. వారిద్దరే ఆ తగవు పెట్టుకోనప్పుడు మనకెందుకు?

స్మరణను స్తుతితో కలపడం వల్లనే ఈ చిక్కంతా వస్తున్నదని నా అభిప్రాయం. స్తుతికి ఘనకార్యం కావాలి. స్మరణకు మనిషి ఉంటే చాలు. మన తాతలు వీరులైతేనే తలచుకుంటామని పట్టుపడితే, కొందరిని మరువవలసివస్తుంది, మరికొందరిని గురించి అబద్ధం ఆడవలసివస్తుంది. ఢిల్లీలోని తీన్ మూర్తి వద్ద 1922లో నిలిపిన మూడు విగ్రహాలు జోధ్‌పూరు, మైసూరు, హైదరాబాదు అశ్వదళాలకు గుర్తులు. 1918 సెప్టెంబరు 23న జరిగిన హైఫా దాడిని తలచుకుంటూ 2018లో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. అయితే ఆనాడు హైఫాపై గుర్రాలు దూకించినవి జోధ్‌పూరు, మైసూరు దళాలే. హైదరాబాదు దళం అదే బ్రిగేడులోనిది, అదే పాలస్తీనా రంగంలో పనిచేసినది. కాని ఆ దాడి దానిది కాదు. ఈ మాట చెప్పినంత మాత్రాన హైదరాబాదు రౌతుకు కలిగే అగౌరవం ఏమున్నది? చేయని పనికి పొగడడం కంటె, చేసిన పనిని తెలుసుకోవడం అతనికి మనం చేయగల మర్యాద.

యుద్ధాలను తలచుకుంటే యుద్ధకాంక్ష పెరుగుతుందని భయపడే పెద్దలూ ఉన్నారు. దాదీ మాటలు విన్నవాడికి యుద్ధంపై మోజు పుట్టదని వారికి నా సమాధానం. సింగపూరు పడినప్పటి నుండి మూడున్నరేళ్లు ఆమెకు భర్త ఉన్నాడో లేడో తెలియదు. నల్లపూసలు తీయించాలని కొందరు, వద్దని కొందరు ఇంటి పెద్దలు ఆమె ఎదుటనే వాదులాడుకునేవారట. ఆమె ఎవరికీ బదులు చెప్పకుండా పిండి విసురుకునేదట. యుద్ధంలో సేవచేసినవారి జాబితాలో ఆమె పేరు కూడా ఉండాలని నేనంటాను.

ఇక మన కళాశాల సంగతికి వస్తాను. ఒకనాడు ఒక తెలుగు కుటుంబపు విద్యార్థిని ఉర్దూలో ఉన్న పాత కాగితం ఒకటి నా వద్దకు తెచ్చినది. సంస్థానంలో రాజభాష ఉర్దూ గనుక, నిజాం కాలపు కాగితమంటే భూమి పట్టాయే అయి ఉంటుందని ఆ ఇంటివారు డెబ్బై ఏళ్లకు పైగా దానిని పెట్టెలో భద్రపరచారు. నేను ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకరిని పిలిచి చదవమన్నాను. అది పట్టా కాదు. ఆమె ముత్తాతను సైన్యం నుండి విడుదల చేసిన పత్రం. పేరు, తండ్రి పేరు, గ్రామం, ఎత్తు, ఎడమ కనుబొమ్మపై మచ్చ, చివర ‘చాల్ చలన్ నేక్’ అన్న మాట. నడవడి మంచిది అని దానికి అర్థం. ఆ మాట విని అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. మరునాడు వచ్చి, “సార్, మా తాతకు కూడా కనుబొమ్మ మీద అట్లాంటి మచ్చే ఉందని ఇంట్లో నవ్వుకున్నాం” అన్నది.

ఇట్లాంటి కాగితాలు ఇంకా ఎన్ని పెట్టెలలో ఉన్నాయో! కొన్ని ఇళ్లలో చదవగలవారు లేరు; చదవగల ఇళ్లలో కొన్నిట కాగితాలు మిగలలేదు. ఈ రెండు రకాల ఇళ్ల పిల్లలు ఒకే కప్పు క్రింద చదువుకుంటున్న చోటు మన కళాశాల. అందుచేత కళాశాల కమిటీ వారికి నా మనవి ఇది. శిలాఫలకం వద్దు, సభలూ శాలువలూ వద్దు. గ్రంథాలయంలో గట్టి అట్టవేసిన రిజిస్టరు ఒకటి పెట్టించండి. ప్రతి పేరూ ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాయాలి. తండ్రి పేరు, గ్రామం, దళం, వెళ్లిన దేశం, తిరిగివచ్చినదీ రానిదీ ఉండాలి. కాగితంలో ఉన్నది ఒక వరుసలో, ఇంటివారు చెప్పినది మరొక వరుసలో వేరువేరుగా ఉండాలి. రెంటినీ కలిపితే చరిత్రా చెడుతుంది, జ్ఞాపకమూ చెడుతుంది. ఎదురుచూసిన భార్యకూ తల్లికీ ఒక గడి ఉండాలి. పంజాబులో మొదటి యుద్ధం తరువాత గ్రామాలవారీగా వ్రాసిన రిజిస్టర్లు లాహోరు మ్యూజియంలో మిగిలినందువలన, 2021లో సుమారు 3,20,000 మంది వివరాలు వెలుగులోకి వచ్చాయి. ఒక గుమాస్తా ఆనాడు ఓపికగా వ్రాసిన పుణ్యమే అది.

విద్యార్థులకు రెండు మాటలు. మృతుల పేర్లు వెతకడానికి యుద్ధ సమాధుల సంస్థ జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నది, చూడండి. అయితే ‘హైదరాబాదు రెజిమెంటు’ అన్న పేరు చూసి మోసపోకండి. బ్రిటిష్ భారత సైన్యంలోని 19వ హైదరాబాదు రెజిమెంటు నిజాం సైన్యం కాదు. అందులో అధికులు ఉత్తరాదివారు. 1945లో అది కుమావూఁ రెజిమెంటు అయినది. అన్నిటికంటె ముందు, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అందరికంటె పెద్దవారి ప్రక్కన కూర్చుని అడగండి. యుద్ధానికి పోయినవారిని చూసినవారు ఇంకా కొద్దిమందే మిగిలారు.

మా దాదా పేరు ఏ రాతిమీదా లేదు. ఆయన తిరిగివచ్చాడు గనుక ఉండనవసరం లేదు. రిజిస్టరు తెరచిన దినాన మొదటి పుటలో కాకపోయినా, ఏదో ఒక పుటలో ఆయన పేరు నా చేతితో వ్రాస్తాను; దళం చెదరిపోయినదని కూడా వ్రాస్తాను. ఆ ప్రక్కనే ఆయన స్నేహితుని పేరు వ్రాయడానికి వారి మనుమని అనుమతి ఇప్పటికే తీసుకున్నాను.