ఆడిన రోజు కూలీ ఎవరిస్తారు?

1895 ఆగస్టు 29న ఇంగ్లండ్ ఉత్తరాదిలోని హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో, జార్జ్ హోటల్లో కొన్ని రగ్బీ క్లబ్బుల పెద్దలు సమావేశమై తమ పాలక సంఘంతో తెగతెంపులు చేసుకున్నారు. గొడవ ముదిరింది కూలీ దగ్గర. ఆ ప్రాంతపు జట్లలో బట్టల మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు చాలామంది. శనివారం ఆటకు పోతే ఆ పూట కూలీ పోయినట్టే. ఆ నష్టాన్ని పూడ్చుకోనివ్వండని వాళ్లు అడిగారు. డబ్బు చేతులు మారితే ఆట మైలపడుతుందని లండన్ పెద్దమనుషులు ససేమిరా అన్నారు. విడిపోయినవాళ్ల ఆట రగ్బీ లీగ్‌గా ఎదిగింది. పాత సంఘం నీడలో ఉండిపోయిన రగ్బీ యూనియన్‌లో ఆటగాడికి బాహాటంగా జీతమివ్వడానికి సరిగ్గా వందేళ్లు పట్టింది. ఆ తలుపు 1995 ఆగస్టులో గానీ తెరుచుకోలేదు.

సిరిసిల్లలో ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కుర్రాడికి నేసిన మీటర్లను బట్టే కూలీ. పోటీలకని రెండు రోజులు ఊరు దాటితే ఆ రెండు రోజులూ ఇంటికి రూపాయి రాదు. జగిత్యాల, కోరుట్ల వైపు లెక్క వేరు. అక్కడ తల్లి బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తుంటే, కొడుక్కి ఇరవై ఏళ్లు రాగానే పాస్‌పోర్టు తీయించి గల్ఫ్ పంపే ఆలోచన మొదలవుతుంది. ఆటగాడి ఒంట్లో సత్తువ పుంజుకునే వయసు, విమానం ఎక్కే వయసు ఒకటే.

రగ్బీ ఆడితే డబ్బిచ్చే లీగ్ మన దేశంలోనూ వచ్చింది. 2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలిసారి జరిగింది. ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. జట్టుకు ఏడుగురు ఆడే పొట్టి రగ్బీ అది. నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, అంతే ఆట. జూన్ నెల దాటకుండానే లీగ్ కూడా ముగిసింది. వేలంలో మన దేశపు ఆటగాళ్లు పలికిన ధరలు లక్షల్లోనే ఉన్నాయి, కోటి ఊసే లేదు. దాన్ని తప్పుపట్టలేం. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు రాకేశ్ కుమార్ పలికిన 12.80 లక్షలే రికార్డు. 2023కు వచ్చేసరికి పవన్ సెహ్రావత్ కోసం తెలుగు టైటాన్స్ 2.60 కోట్లు దాటి పెట్టింది. లీగ్ నిలబడితే ధరలు అవే పెరుగుతాయి. అంతవరకూ కుర్రాడు నిలబడటమే కష్టం.

మన పల్లెల కబడ్డీ కుర్రాళ్లు రగ్బీకి పనికొస్తారా అంటే, సగం పనికొస్తారు. పరుగెత్తుకొచ్చేవాణ్ని నడుము కింద ఒడిసి పట్టడం, దెబ్బకు వెరవకపోవడం వాళ్లకు పుట్టుకతో అబ్బినట్టే ఉంటాయి. మిగతా సగం మాన్పించాల్సిన అలవాట్లు. కబడ్డీలో రైడర్ కూత ఆగకముందే పట్టు విడిస్తే పాయింటు పోతుంది. రగ్బీలో బంతి పట్టుకున్నవాడు నేల కూలగానే, కూల్చినవాడు అతణ్ని వదిలేసి పక్కకు జరగాలి. వదలకపోతే అవతలి జట్టుకు పెనాల్టీ. కబడ్డీలో భుజంతో గుద్ది గీత దాటిస్తే చప్పట్లు కొడతారు. రగ్బీలో చేతులు చుట్టకుండా ఉత్త భుజంతో గుద్దితే ఫౌల్, భుజాల కన్నా పైన పట్టుకున్నా ఫౌలే. పదేళ్లుగా ఒంటికి పట్టిన అలవాటు రెండు రోజుల శిబిరంతో పోదు. ఏళ్లు కావాలి. ఆ ఏళ్ల ఖర్చు ఎవరు భరించాలన్నదే చిక్కు.

ఇంగ్లండ్‌లో క్లబ్బుల అకాడమీలు భరిస్తాయి. 2005 జనవరిలో పుట్టిన హెన్రీ పొలాక్ నార్తాంప్టన్ సెయింట్స్ అకాడమీలో తేలాడు. 2024లో అండర్-20 ప్రపంచ టైటిల్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడు. 2025 మార్చిలో కార్డిఫ్‌లో వేల్స్‌ మీద తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండుసార్లు బంతిని గీత దాటించి ట్రైలు సాధించాడు. ఆ ఏడే ఆస్ట్రేలియా వెళ్లిన బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ జట్టులో అందరికన్నా చిన్నవాడు అతనే. అయితే అక్కడా అన్నీ పొలాక్ కథలు కావు. 2022 అక్టోబరులో వాస్ప్స్ క్లబ్ దివాలా తీస్తే ఆటగాళ్లు, సిబ్బంది కలిపి 167 మంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. ప్రైవేటు జట్టును మాత్రమే నమ్ముకున్నవాళ్ల గతి అంత డబ్బున్న దేశంలోనే ఇలా ఉంటే, ఇక్కడి సంగతి చెప్పేదేముంది!

పక్కనే ఒడిశా ఉంది. భువనేశ్వర్‌లో ఆదివాసీ పిల్లలు చదివే కిస్ సంస్థ హాస్టల్లోనే రగ్బీ నేర్పింది. అక్కడి అబ్బాయిలు 2007లోనే లండన్‌లో అండర్-14 టోర్నీ గెలిచొచ్చారు. 2019లో భారత మహిళలు ఫిలిప్పీన్స్‌లో సింగపూర్‌ను 21-19తో ఓడించి పదిహేను మంది ఆడే రగ్బీలో తొలి అంతర్జాతీయ గెలుపు అందుకున్నప్పుడు, చివర్లో కీలకమైన పెనాల్టీ కొట్టిన సుమిత్రా నాయక్ ఆ హాస్టల్లో పెరిగిన అమ్మాయే. తిండి, చదువు, ఆట మూడూ ఒకేచోట దొరికాయి, అదీ పతకానికి ముందే.

మన దగ్గర సాయం పతకం తర్వాత వస్తుంది. బాక్సర్ నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాక 2024లో డీఎస్పీ పోస్టు ఇచ్చారు. పర్వతగిరి కూలీల బిడ్డ దీప్తి జీవాంజికి పారిస్ పారాలింపిక్స్ కాంస్యం తర్వాత కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించారు. ఇద్దరికీ ఇవ్వాల్సిందే. కానీ పదిహేడు నుంచి ఇరవై రెండేళ్ల మధ్య, పేరు లేని కాలంలో, ఎంతమంది మధ్యలో ఆగిపోతున్నారో ఏ సన్మాన సభలోనూ కనిపించదు.

గురుకులాలున్నాయి, కరీంనగర్‌లో క్రీడా పాఠశాల ఉంది. ఇంటర్ అయిపోయి బడి గేటు దాటిన కుర్రాడికి ఆ తర్వాత నాలుగేళ్లు నెలనెలా భృతి ప్రభుత్వం ఇవ్వాలి. అది సాంచా మీద వచ్చే కూలీకి తగ్గకూడదు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు కూడా ఏడాదికోసారి సిరిసిల్ల, కోరుట్ల మైదానాలకు వచ్చి కబడ్డీ కుర్రాళ్లను పరీక్షించాలి. ట్రయల్స్ ప్రకటనలో తేదీ, వేదికతో పాటు మరో వాక్యం అచ్చు వేయించాలి: వచ్చినవారికి బస్సు చార్జీ, ఆ రోజు కూలీ చెల్లిస్తాం అని.