రీలు చివర మిగిలిన బజారు

పెట్రోలు బంకుల ఫొటోలతో పుస్తకం వేస్తే ఎవరు కొంటారు? 1963లో అమెరికన్ చిత్రకారుడు ఎడ్ రుషే వేశాడు. లాస్ ఏంజెలెస్ నుంచి తాను పెరిగిన ఓక్లహామా సిటీకి పోయే దారిలోని 26 బంకులు, 48 పేజీలు, 400 కాపీలు. వర్ణన లేదు, వ్యాఖ్య లేదు. బంకు పేరు, ఊరి పేరు, అంతే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాకొద్దని తిప్పి పంపితే, ఆ సంగతినే పత్రికలో ప్రకటనగా వేసుకున్న ఘటికుడు! మూడేళ్లకు పికప్ బండి మీద కెమెరా బిగించి, సన్‌సెట్ స్ట్రిప్ అనే బజారును రెండు వైపులా తీశాడు. ఆ ఫొటోలతో వేసిన పుస్తకం మడతలు విప్పితే దాదాపు 25 అడుగులు. పైన ఒక వరస దుకాణాలు, కింద ఎదుటి వరస తలకిందులుగా.

కొద్ది డాలర్లకే అమ్మిన ఆ బంకుల పుస్తకం తొలి ముద్రణ ఇప్పుడు వేలల్లో పలుకుతోంది. కాపీలకు నంబర్లు వేయడం పొరపాటని రుషేనే తర్వాత అన్నాడు. కొనేవాళ్లు వెతికేది మాత్రం ఆ నంబరునే.

మన దేశంలో దయానితా సింగ్ 2008లో ఏడు మడత పుస్తకాలను ఒక చిన్న గుడ్డ పెట్టెలో పెట్టి తెచ్చారు. కలకత్తా, బొంబాయి, వారణాసి అందులో ఉన్నాయి. అలాంటివి కొని దాచుకునే సరదా ఉన్నవాళ్లను నేను కాదనను. కానీ నర్సంపేట లాంటి చిన్న పట్నంలో ఆ సరదా పుడితే, వేలంపాటల కన్నా ముందు చూడాల్సింది ఫొటో స్టూడియోల అటకలు.

వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ పల్లె తెలంగాణను, బతుకమ్మను కెమెరాకెక్కించి 2022లో వెళ్లిపోయారు. చిన్న పట్నాల బజార్లకు అలాంటి మనిషి దొరకలేదు. అయినా ఫొటోలు ఉన్నాయి, ఎవరూ కావాలని తీయనివి. 36 ఫొటోల రీలులో పెళ్లి అయిపోయాక రెండు మూడు మిగిలేవి. రీలు కడగడానికి పంపాలి కదా! స్టూడియో గడపలో నిలబడి ఎదురుగా ఏది కనపడితే దాన్ని నొక్కేసేవాళ్లు: పెంకుటింటి దుకాణం, చేతిరాత బోర్డు, మిర్చి బస్తాల ట్రాక్టరు, అడ్డంగా నిలబడ్డ బర్రె. నెగెటివ్ పట్టీని వెలుతురుకు పెడితే తలంబ్రాల పక్కనే రోడ్డు. పెళ్లివాళ్లు వాటిని ప్రింటు వేయించుకోలేదు. ఆ నెగెటివ్ డబ్బాలు ఇప్పుడు పాత సామాన్లవాడికి పోతున్నాయి. ఆ దుకాణాలు ఎప్పుడో షట్టర్లయ్యాయి.

ఆ డబ్బాలు కొనండి, బతిమాలైనా తెచ్చుకోండి. స్కాన్ చేయించండి. పెళ్లిళ్లకు కరిజ్మా ఆల్బమ్ కట్టే చేతులకు మడత పుస్తకం కట్టడం పెద్ద పని కాదు. నూరు కాపీలు వేయండి, నంబర్లు వేయకండి. ఫొటో కింద దుకాణం పేరు, రోడ్డు పేరు, సంవత్సరం చాలు. సంవత్సరం తెలియకపోతే అదే పట్టీలో పెళ్లికొడుకు ఉంటాడు, ఆయన ఇంటికెళ్లి అడగండి.