రంగు పడితేనే లెక్క తేలేది!

ఎర్రగుంట్ల చుట్టుపక్కల గొర్రెల కాపర్లను గమనించారా? రెండు మందలు కలిసిపోయినా కంగారు పడరు. గొర్రెల మీద ఎవరి రంగు గుర్తు వాళ్లది. గుర్తు చూసి వేరుచేసుకుంటారు, లెక్క చూసుకుంటారు. సరిగ్గా ఇదే కిటుకుతో మన రక్తంలోని కణాలనూ లెక్కపెడతారు. అదే హెచ్ఐవీ ఉన్నవారికి చేసే సీడీ4 పరీక్ష.

ఒంట్లోకి చొరబడే క్రిములతో పోరాడే తెల్లకణాల్లో టి కణాలు ఒక రకం. వాటిలో సహాయక కణాలు మిగతా సైన్యాన్ని యుద్ధానికి పురిగొల్పుతాయి. మరో తెగ, క్రిమి సోకిన కణాల్ని చంపేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి! తేడా అంతా పైపొర మీది ప్రొటీన్లలోనే. సహాయక కణాల మీద సీడీ4 ఉంటే, చంపే కణాల మీద సీడీ8 ఉంటుంది.

మరి సీడీ4ను మాత్రమే పట్టుకునేదెలా? ఆ దారి 1975లో దొరికింది. యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని, అలుపు లేకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపారు కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్. ఆ జంట కణం ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేస్తుంది. అదే మోనోక్లోనల్ యాంటీబాడీ. 1984లో వారికి నోబెల్ వచ్చింది.

ఈలోగా 1981లో లాస్ ఏంజిలెస్‌లో కొందరు యువకులకు అరుదైన న్యుమోనియా సోకింది. ఈ కొత్త యాంటీబాడీలతో రక్తం పరీక్షిస్తే సహాయక కణాలు దాదాపు మాయం! అప్పటికి ఎయిడ్స్ అన్న పేరే లేదు. హెచ్ఐవీ కణంలోకి దూరే తలుపు సీడీ4 ప్రొటీనే అని 1984లో తేలింది.

పరీక్షలో రక్తానికి మెరిసే రంగు పూసిన యాంటీబాడీ కలుపుతారు. యంత్రంలో కణాలు ఒక్కొక్కటిగా లేజర్ కిరణం ముందు నుంచి సాగిపోతుంటే, మెరిసినవాటిని లెక్కిస్తుంది. ఆరోగ్యవంతుల్లో క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కన్నా తగ్గితే ప్రమాదమే. టీబీ, న్యుమోనియా లాంటివి కాచుకుని ఉంటాయి.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో కౌంట్ 200 లోపు పడిపోతే గానీ చాలామందికి మందులు అందేవి కావు. తర్వాత ఆ హద్దు 350కి, 500కి పెరిగింది. 2017లో హద్దే తీసేశారు. హెచ్ఐవీ ఉందని తేలితే చాలు, కౌంట్ ఎంతున్నా మందులు మొదలుపెడతారు.

అయినా పాతమాట ఇంకా కొందరి నోట వినిపిస్తూనే ఉంటుంది... ‘కౌంట్ బాగానే ఉందిగా, ఇప్పుడే మందులెందుకు?’ అని. ఇంకొందరు మందులు వాడి, కౌంట్ పెరగగానే మానేస్తారు. ఇదే కొంప ముంచుతుంది! కౌంట్ పెరిగిందంటే వైరస్ పోయిందని కాదు, మందుల దెబ్బకు అణిగి ఉందని. మానేస్తే మళ్లీ విజృంభిస్తుంది. అందుకే మందులు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి రక్తంలోని వైరస్‌నే కొలిచే వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. వ్యాధి ఎంత ముదిరిందో చెప్పడానికి సీడీ4 నేటికీ అక్కరకొస్తోంది.

నలుగురికీ తెలుస్తుందన్న భయం వద్దు. అనుమతి లేకుండా ఒకరి హెచ్ఐవీ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. ఎర్రగుంట్లలో బస్సెక్కితే కడపలోని ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లొచ్చు. సందేహాలుంటే 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అంకె పడిపోయేదాకా ఆగితే నష్టపోయేది మనమే!