శాస్త్రపద పరిచయము – భూగర్భజలము

నేలక్రింద నదులు పాఱుచున్నవని పలువురు తలంతురు. కామారెడ్డి జిల్లా రామారెడ్డి ప్రాంతమున నట్లు కాదు. అచటి నేలయడుగున నున్నది సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు బండ. గట్టిబండ నీటిని పీల్చదు. ఎండవానలకు పైబండ శిథిలమై మొరమగును. ఆ మొరమునందును, దానిక్రింది రాతిపగుళ్లయందును నిలిచిన వాననీరే భూగర్భజలము. అది ధాన్యపుగాదె వంటిది, పోసినంతయే తీయవలెను. లోతునకుఁ బోవుకొలఁది పగుళ్లు తగ్గును గావున, బోరు నెంత దింపినను క్రొత్తనీరు పుట్టదు. గాదెను నింపునది చెరువు. 2015 మార్చిలో పొరుగున సదాశివనగరమందలి పాతచెరువు పూడికతీతతోనే మిషన్ కాకతీయ ప్రారంభమైనది. చెరువు నిండిననాఁడే మన బిందె నిండును. ఈ మాట బిడ్డలకుఁ జెప్పుఁడు.