తిత్లీ వీపున చిప్పు, మన జేబులో ఫోను

ఫోన్ వల్లే పిల్లలు ఖరాబ్ అవుతున్నారని ప్రతి ఇంట్లో అమ్మీల షికాయత్. అదే ఫోన్ ఒక తిత్లీ సఫర్‌ని కనిపెడుతుందంటే?

2025 చివర్లో ఉత్తర అమెరికాలో నాలుగు వందలకు పైగా మోనార్క్ సీతాకోకచిలుకల వీపున చిప్పులు అంటించారు. ఒక్కోటి సుమారు 0.06 గ్రాములు, రెండు మూడు బియ్యపు గింజలంత. ఎండే దానికి కరెంటు. అది వదిలే బ్లూటూత్ సిగ్నల్‌ని దారిలో ఉన్న మామూలు ఫోన్లే అందుకుంటాయి. ఇదివరకు రెక్కకు నంబరు స్టిక్కర్ వేసేవారు. ఎక్కడ బయలుదేరిందో, ఎక్కడ దొరికిందో తెలిసేది. మధ్య దారి తెలిసేది కాదు.

మన దగ్గరా ముసాఫిర్లున్నారు. మోనార్క్‌కి రిష్తేదారే మన బ్లూ టైగర్. దాని శాస్త్రీయ నామంలో మొదటి మాట 'తిరుమల'! వానాకాలానికి ముందూ తర్వాతా ఇవి పశ్చిమ, తూర్పు కనుమల మధ్య గుంపులుగా ఎగురుతాయి. ఒక్కో తిత్లీ ఎక్కడ ఆగుతుందో తెలిస్తేనే కదా ఆ చోటు హిఫాజత్ చేయగలం!

జాడ తెలిస్తే ఏమవుతుందో నాగాలాండ్ చూపించింది. 2013లో అక్కడ మూడు అమూర్ డేగలకు శాటిలైట్ ట్యాగులు కట్టారు. ఒకదానికి పాంగ్తీ అని ఊరి పేరే పెట్టారు. వేల డేగల్ని వలేసి పట్టిన ఊరే వాటికి కాపలాదారైంది.

అంత చిన్న ప్రాణికి చిప్పు జుల్మ్ కాదా అంటారు. సవాల్ సరైనదే. మోనార్క్ బరువే అర గ్రాము చుట్టూ. మన బ్లూ టైగర్ ఆ బరువు మోయగలదా అన్నది ముందు తేల్చాలి. తేల్చగల ఇల్మ్ మనకు దూరమేమీ కాదు. సీసీఎంబీ ఉప్పల్ రోడ్డు మీదే, సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లోనే ఉన్నాయి. వినడానికి నాచారం గల్లీల్లో ఇంటికి నాలుగు ఫోన్లున్నాయి.

కానీ చిప్పు జాడ చెబుతుందే తప్ప మేత పెట్టదు. ఈ జాతి గొంగళిపురుగులు తినేది జిల్లేడు కుటుంబం మొక్కలు. వాటిని మనం పిచ్చిమొక్కలని ఖాళీ ప్లాట్లలో జేసీబీతో గీకేస్తున్నాం. ముసాఫిర్ ఎటు పోయాడని ఆరా తీస్తూ, అతని దస్తర్‌ఖాన్ ఎత్తేస్తే ఏం ఫాయిదా?

సర్కారు మన తిత్లీలకూ ఇలాంటి పని మొదలుపెట్టాలి. అంతదాకా కనీసం మన మొహల్లాలో ఒక మూల జిల్లేడుని వదిలేయండి. పిల్లలకు ఆ ఫోన్ ఇచ్చి, వచ్చిన తిత్లీని తారీఖుతో సహా ఫోటో తీయమనండి.