చెత్త కాదు, చదువు సామగ్రి

సెలవులకు అరకు చూడవచ్చినవారు వెళ్ళిపోయాక లోయలో మిగిలేవి ఖాళీ నీళ్ళ సీసాలు, అట్టపెట్టెలు. పెద్దలకు అవి చెత్త. కొండ పిల్లలకు సామాను. అరిగిన చెప్పును గుండ్రంగా కోసి చక్రాలు చేసి, వెదురుపుల్లను ఇరుసుగా గుచ్చి బండి తోలే పిల్లవాడికి చక్రం ఎందుకు వంకర పోతోందో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ పిల్లవాడే బడిలో మూలన కూర్చుని నోరు విప్పడు.

తెలివి లేక కాదు. ఇంట్లో మాట కువి, లేదా ఆదివాసీ ఒడియా. పుస్తకంలో మాట వేరు. 2004లో రాష్ట్రంలో గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టడం మంచి పనే. పై తరగతుల్లో మళ్ళీ భాషే గోడ. చేత్తో చేసే పనికి ఆ గోడ అడ్డు రాదు. ముందు వస్తువు తయారవుతుంది, మాట తర్వాత వచ్చి చేరుతుంది.

సీసా పక్కలను రెక్కల్లా కోసి విప్పి, మూతకూ అడుక్కూ చిల్లు పెట్టి పుల్ల దూర్చి గెడ్డ నీటి ధారలో పెడితే గిర్రున తిరుగుతుంది. నీరు ఇంకా ఎత్తు నుంచి పడితే? జోరు హెచ్చుతుంది. ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నది ఈ కిటుకుతోనే. దానికి ఇంత దగ్గరలో ఉన్న బడుల్లో సైతం ఈ పాఠాన్ని నల్లబల్ల మీద గీసి బట్టీ పట్టించడం విడ్డూరం.

ఇది కొత్త పోకడేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లె బడుల్లో పిల్లలే ప్రయోగాలు చేసి సైన్సు నేర్చుకోవడం మొదలైంది. 1978లో అక్కడికి వెళ్ళిన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి రకరకాల ఆకారాలు కట్టించారు. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. 2018లో కేంద్రం గుప్తాకు పద్మశ్రీ ఇచ్చింది. బిరుదు ఇవ్వడం సులువు, బడిలో నిలబెట్టడమే కష్టం.

అధికారి తనిఖీకి వచ్చే రోజున దుకాణంలో థర్మోకోల్ కొని, మాస్టారే అతికించి, పిల్లవాడి పేరు రాస్తే అది చదువు కాదు, అలంకారం. పురుగుమందు డబ్బాలు, ఆసుపత్రి సీసాలు మాత్రం పిల్లల చేతికి పోకూడదు. కత్తి పట్టినప్పుడు పెద్దలు పక్కన ఉండాలి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివారి వద్ద నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆశ్రమ పాఠశాలల్లో ఆ తేదీలను పాడేరు ఐటీడీఏ ముందుగా ప్రకటిస్తే, బుట్టలల్లేవారు, కమ్మరులు సంత రోజు చూసుకుని రాగలరు. వచ్చినవారికి ఆ రోజు కూలి చెల్లించాలి.